సెప్టెంబర్ 6కు ముందు: జర్మనీ ఎన్నిక గురించి మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాగ్డెబర్గ్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. చదువుకోవడానికి వచ్చాను, ఉద్యోగం దొరికింది, ఇక్కడే స్థిరపడ్డాను. కొంతకాలంగా నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే సంగతి మీద. గుంటూరు నుంచి ఒక తండ్రి, కరీంనగర్ నుంచి ఒక అక్క, ఇక్కడే విశ్వవిద్యాలయంలో చదువుతున్న పిల్లలు, అందరూ తిప్పితిప్పి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడంకంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ఇందులో నా అభిప్రాయాలు ఉన్నాయి. వాటిని దాచుకోలేదు.

అసలు ఇది ఏ ఎన్నిక? జర్మనీ ఎన్నికలు అయిపోయాయి కదా?

దేశ పార్లమెంటు ఎన్నికలు 2025 ఫిబ్రవరి 23న అయిపోయాయి. మీరు ఇప్పుడు వింటున్నది రాష్ట్ర ఎన్నిక. మన దగ్గర శాసనసభ ఎన్నికల్లాగే ఇక్కడ 16 రాష్ట్రాలకూ వేర్వేరుగా జరుగుతాయి. మాగ్డెబర్గ్ రాజధానిగా ఉన్న సాక్సనీ-అన్‌హాల్ట్ రాష్ట్రంలో 2026 సెప్టెంబర్ 6న పోలింగ్. జనాభా 21 లక్షలు. మన లెక్కలో ఒక జిల్లాకు సరిపోతుంది. అయినా ఐరోపా అంతా ఇటే చూస్తోంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత తొలిసారిగా ఒక తీవ్ర మితవాద (ఫార్-రైట్) పార్టీ చేతికి ఒక జర్మన్ రాష్ట్రపు పాలన వెళ్ళే అవకాశం ఇక్కడే కనిపిస్తోంది. 2025 సెప్టెంబర్‌లోనే సర్వేలు ఆ పార్టీకి, అంటే ఏఎఫ్‌డీకి, 40 శాతం దగ్గరగా చూపించాయి.

ఏఎఫ్‌డీ అంటే ఏమిటి? ఎక్కడినుంచి వచ్చింది?

ఆ పేరుకు 'జర్మనీకి ప్రత్యామ్నాయం' అని అర్థం. 2013లో పుట్టింది. మొదట్లో అది యూరో కరెన్సీని వ్యతిరేకించే ఆర్థికశాస్త్ర ఆచార్యుల పార్టీ. ఆ ఏడాది ఎన్నికల్లో 4.7 శాతం తెచ్చుకుని, పార్లమెంటులోకి రావడానికి కావలసిన 5 శాతం గీత దగ్గర ఆగిపోయింది. 2015లో సిరియా శరణార్థులు లక్షల్లో రావడంతో పార్టీ స్వరం పూర్తిగా మారింది. స్థాపకులలో పలువురు బయటికి వెళ్ళిపోయారు. 2017లో 12.6 శాతం, 2021లో కొంచెం తగ్గి 10.3, 2025లో 20.8 శాతం. చివరి అంకెకు అర్థం కోటీ మూడు లక్షల ఓట్లు, 630 మంది సభలో 152 సీట్లు, ప్రధాన ప్రతిపక్ష హోదా. అదే 2025 ఎన్నికలో మా రాష్ట్రంలో మాత్రం 37.1 శాతం వచ్చాయి.

దాన్ని 'అతివాద పార్టీ' అని ఎవరు తేల్చారు? ప్రత్యర్థులు వేసిన ముద్ర కాదా?

ఈ అనుమానం న్యాయమైనదే. మన దేశంలో ఎవరు ఎవరిని ఏమంటారో చూసినవాళ్ళకు ఇలాంటి ముద్రల మీద నమ్మకం ఉండదు.

జర్మనీలో రాజ్యాంగ పరిరక్షణ కార్యాలయం అని ఒక నిఘా సంస్థ ఉంది. కేంద్రంలో ఒకటి, ప్రతి రాష్ట్రానికీ ఒకటి. రాజ్యాంగ క్రమాన్ని కూలదోయాలని చూసే శక్తులను కనిపెట్టి ఉండటం దాని పని. మా రాష్ట్ర కార్యాలయం 2023 నవంబర్‌లో ఇక్కడి ఏఎఫ్‌డీ శాఖను నిర్ధారిత తీవ్ర మితవాద సంస్థగా ప్రకటించింది. థురింగియా, సాక్సనీ రాష్ట్రాల శాఖల మీదా అదే ముద్ర ఉంది. కేంద్ర కార్యాలయం 2025 మే 2న మొత్తం పార్టీని అలాగే ప్రకటించింది. పార్టీ కోర్టుకు వెళ్ళగానే, తీర్పు వచ్చేదాకా ఆ ముద్రను పక్కన పెడుతున్నట్టు చెప్పింది. ఇది చిన్న విషయం కాదు. నిఘా సంస్థ మాటే శాసనంగా చెల్లే చోట ప్రజాస్వామ్యం ఉండదు. ఇక్కడ అది కోర్టు ముందు జవాబు చెప్పుకోవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను, మీరే తూచుకోండి. థురింగియా ఏఎఫ్‌డీ నాయకుడు బ్యోర్న్ హోకె 2021లో మా రాష్ట్రంలోని మెర్సెబర్గ్ సభలో 'సర్వం జర్మనీ కోసం' అనే నినాదంతో ప్రసంగం ముగించాడు. వినడానికి దేశభక్తిలా ఉంటుంది. కానీ అది హిట్లర్ వీధిసేన ఎస్‌ఏ నినాదం, ఇక్కడ చట్టవిరుద్ధం. ఆ సంగతి తనకు తెలియదన్నాడు. ఆయన రాజకీయాల్లోకి రాకముందు చరిత్ర ఉపాధ్యాయుడు. 2024 మేలో హాలే కోర్టు 13,000 యూరోల జరిమానా వేసింది. ఆ తీర్పుకు ముందే, 2023 డిసెంబర్‌లో, మరో సభలో ఆయన మొదటి మాటలు మాత్రమే అని, చివరి మాటను జనంచేత అనిపించాడు. దానికి రెండో జరిమానా పడింది.

హిట్లర్ కూడా ఓట్లతోనే గెలిచాడు కదా? ప్రజలు కోరుకుంటే ఎవరు ఆపగలరు?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఇందులోనే పెద్ద పొరపాటు ఉంది. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

1928లో నాజీ పార్టీకి 2.6 శాతం ఓట్లు. ఆర్థిక మాంద్యం వచ్చాక, 1930లో 18.3. 1932 జులైలో 37.3. అదే ఏడాది నవంబర్‌లో మళ్ళీ ఎన్నికలు జరిగితే 33.1కి పడిపోయింది. అంటే దాదాపు 20 లక్షల ఓట్లు పోయాయి. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ ఆ పార్టీకి సగం ఓట్లు రాలేదు. హిట్లర్ అధికారానికి వచ్చింది 1933 జనవరి 30న. అప్పటికి పార్టీ బలం తగ్గుముఖంలో ఉంది.

మరి ఎలా వచ్చాడు? పిలిచి ఇచ్చారు. ముసలి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చుట్టూ ఉన్న సంప్రదాయవాద పెద్దమనుషులు, ముఖ్యంగా ఫ్రాంజ్ ఫాన్ పాపెన్, ఒక లెక్క వేసుకున్నారు. హిట్లర్‌కు జనం ఉన్నారు, మనకు అనుభవం ఉంది. అతన్ని ఛాన్సలర్ని చేసి, చుట్టూ మనవాళ్ళను కూర్చోబెడితే రెండు నెలల్లో మూలకు నెట్టేయవచ్చు అనుకున్నారు. మొదటి మంత్రివర్గంలో నాజీలు ముగ్గురే: హిట్లర్, ఫ్రిక్, గోరింగ్. ఆ ముగ్గురి చేతుల్లో ఏమున్నాయో చూడండి. ప్రభుత్వాధిపత్యం, దేశ హోంశాఖ, అన్నిటికంటే పెద్ద రాష్ట్రమైన ప్రష్యా పోలీసు. ఫిబ్రవరిలో గోరింగ్ వీధిసేన మనుషుల చేతులకు పట్టీలు కట్టి సహాయక పోలీసులను చేశాడు. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మరుసటి రోజే పౌరహక్కులు నిలిపివేస్తూ అత్యవసర ఉత్తర్వు వచ్చింది. మార్చి 23న, పార్లమెంటుతో పనిలేకుండా చట్టాలు చేసే అధికారం హిట్లర్‌కు ఇస్తూ సభ ఓటేసింది. అనుకూలంగా 444, వ్యతిరేకంగా 94. కమ్యూనిస్టు సభ్యులను లోపలికే రానివ్వలేదు, చాలామంది అప్పటికే జైళ్ళలో ఉన్నారు. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లే. బయట వీధిసేన కేకలు వేస్తుండగా వారి నాయకుడు ఒట్టో వెల్స్ లేచి వ్యతిరేకంగా మాట్లాడాడు. మధ్యేవాద పార్టీలన్నీ తలూపాయి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు ఊరికే అనలేదు. హిట్లర్‌కు ముందున్న జర్మన్ ప్రజాస్వామ్యాన్ని వైమార్ గణతంత్రం అంటారు. దాని తలుపులను బయటివాళ్ళు బద్దలు కొట్టలేదు. లోపలివాళ్ళు గడియ తీశారు. ఈ ఎన్నిక గురించి నన్ను ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: ఏఎఫ్‌డీకి ఎంత శాతం వస్తుందో చూడండి, కానీ మిగతావాళ్ళు ఏం చేస్తారో అంతకంటే జాగ్రత్తగా చూడండి.

ఇది ఒక చిన్న రాష్ట్రమే కదా. అంత భయమెందుకు?

1930లో థురింగియాలోనూ ఇలాగే అనుకున్నారు. అక్కడి సంకీర్ణంలో హోంశాఖ, విద్యాశాఖ నాజీ పార్టీకి చెందిన విల్‌హెల్మ్ ఫ్రిక్‌కు ఇచ్చారు. ఆయన యేనా విశ్వవిద్యాలయంలో జాతి సిద్ధాంతానికి ఆచార్య పీఠం పెట్టించాడు. మూడేళ్ళ తరువాత దేశ హోంమంత్రి అయింది ఆయనే.

ఇంకొకటి. హిట్లర్ ఆస్ట్రియాలో పుట్టినవాడు. 1925లో ఆ పౌరసత్వం వదులుకున్నాడు, జర్మన్ పౌరసత్వం లేదు. ఏ దేశమూ లేని మనిషి. పౌరసత్వం లేకపోతే అధ్యక్ష పదవికి పోటీ చేయలేడు. 1932 ఫిబ్రవరిలో బ్రౌన్‌ష్వైగ్ అనే చిన్న రాష్ట్రం, అక్కడి హోంమంత్రి నాజీ కాబట్టి, అతన్ని కాగితం మీద ప్రభుత్వోద్యోగిగా నియమించింది. ఆ ఉద్యోగంతోపాటు పౌరసత్వం వచ్చేసింది. ఒక చిన్న రాష్ట్రం, ఒక సంతకం!

మా రాష్ట్రంలోనే ఉన్న డెసౌ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. అప్పట్లో అది అన్‌హాల్ట్ రాష్ట్రానికి రాజధాని. 1932 మేలో నాజీ పార్టీ మనిషి ప్రభుత్వాధినేత అయిన తొలి జర్మన్ రాష్ట్రం అదే. ప్రపంచ వాస్తుకళను మార్చిన బౌహౌస్ పాఠశాల డెసౌలో ఉండేది. నగరసభలో నాజీల బలంతో 1932లోనే దాన్ని మూయించారు. 2024లో, బౌహౌస్ డెసౌకు వచ్చి నూరేళ్ళయిన సందర్భంగా జరిపే ఉత్సవాలను విమర్శిస్తూ, ఆ కళారీతి ఒక తప్పుదారి అంటూ, ఏఎఫ్‌డీ ఈ రాష్ట్ర శాసనసభలో తీర్మానం పెట్టింది. తీర్మానం వీగిపోయింది. నేను ఆ భవనాన్ని నాలుగైదుసార్లు చూశాను. గాజుగోడలు, లోపల పనిచేసేవాళ్ళందరూ బయటికి కనబడతారు. ఒక భవనం మీద ఇంత కోపం ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కొంత అర్థమవుతోంది.

జర్మనీలో పోలీసు, బడులు, విశ్వవిద్యాలయాలు, సంస్కృతి, రేడియో-టీవీ ఒప్పందాలు రాష్ట్రాల చేతుల్లో ఉంటాయి. అతివాదులను కనిపెట్టవలసిన నిఘా కార్యాలయం కూడా రాష్ట్ర హోంశాఖ కిందే ఉంటుంది. కనిపెట్టబడుతున్న పార్టీ చేతికే ఆ కార్యాలయం తాళాలు వెళ్ళవచ్చన్నమాట. పైగా కేంద్రంలో రాష్ట్రాల సభ అయిన బుండెస్‌రాట్‌లో ఈ రాష్ట్రానికి నాలుగు ఓట్లున్నాయి.

సగం ఓట్లు రాకుండా అధికారం ఎలా వస్తుంది?

5 శాతం దాటని పార్టీకి సీట్లు ఇవ్వరు. సభ చీలికలు పేలికలు కాకుండా పెట్టిన నియమం ఇది. కానీ దానికి రెండో వైపు ఉంది. చిన్న పార్టీలకు పడి వృథా అయిన ఓట్లు మొత్తం 15 శాతం అనుకోండి. మిగిలిన 85 శాతంలో సగం అంటే 42.5. అంతకంటే కాస్త ఎక్కువ వస్తే సభలో ఒంటరిగా మెజారిటీ. 2025 పార్లమెంటు ఎన్నికలో దాదాపు 14 శాతం ఓట్లకు ఒక్క సీటూ రాలేదు కాబట్టి ఇది ఊహాలెక్క కాదు. సోషల్ డెమోక్రాట్ల ఎస్‌పీడీ, పర్యావరణవాదుల గ్రీన్స్ వంటి పాత పార్టీలు సైతం మా రాష్ట్రంలో బలహీనంగా ఉన్నాయి. ఎవరు 4.9 దగ్గర ఆగుతారో, ఎవరు 5.1 దగ్గర గట్టెక్కుతారో దాన్నిబట్టే ప్రభుత్వం మారిపోవచ్చు.

'అడ్డుగోడ' అని పత్రికల్లో వస్తోంది. ఏమిటది?

రెండు ఇళ్ళ మధ్య, ఒకదాంట్లో నిప్పు రెండోదానికి పాకకుండా కట్టే గోడను జర్మన్‌లో 'బ్రాండ్‌మావర్' అంటారు. ఏఎఫ్‌డీతో పొత్తు, సర్దుబాటు, లోపాయికారీ ఒప్పందం ఏదీ పెట్టుకోబోమన్న మిగతా పార్టీల మాటకు ఆ పేరు పెట్టారు.

ఆ గోడకు మొదటి పెద్ద బీట 2020 ఫిబ్రవరి 5న థురింగియాలో పడింది. ముఖ్యమంత్రి ఎన్నికలో మూడో విడతకు వచ్చేసరికి ఏఎఫ్‌డీ సభ్యులు తమ అభ్యర్థిని వదిలేసి, ఉదారవాద పార్టీ ఎఫ్‌డీపీకి చెందిన థామస్ కెమ్మెరిష్‌కు ఓటేశారు. సంప్రదాయవాద పార్టీ సీడీయూ కూడా ఆయనకే వేసింది. 45–44తో గెలిచాడు. దేశమంతా అట్టుడికింది. దక్షిణాఫ్రికా పర్యటనలో ఉన్న ఛాన్సలర్, సీడీయూకే చెందిన మెర్కెల్ అక్కడినుంచే ఇది క్షమించరానిదని ప్రకటించింది. మరుసటి రోజే కెమ్మెరిష్ దిగిపోతానన్నాడు.

రెండోది 2025 జనవరి 29న, దేశ పార్లమెంటులో. ఇప్పటి ఛాన్సలర్ ఫ్రీడ్రిష్ మెర్జ్ అప్పుడు ప్రతిపక్ష నాయకుడు. వలసల మీద ఆయన పెట్టిన తీర్మానం ఏఎఫ్‌డీ ఓట్లతో నెగ్గింది. మెర్కెల్ తన సొంత పార్టీ నాయకుణ్ణి బహిరంగంగా తప్పుపట్టింది. లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. రెండు రోజుల తరువాత అదే విషయం మీద బిల్లు పెడితే వీగిపోయింది, సొంతవాళ్ళలో కొందరు ఓటింగుకే రాలేదు.

ఈ గోడ వల్ల నష్టం లేదని నేను అనను. ఉంది. సీడీయూ నుంచి వామపక్షం దాకా అందరూ ఒకటైతే, ప్రభుత్వం మీద కోపం వచ్చినవాడికి మిగిలే ప్రతిపక్షం ఏఎఫ్‌డీ ఒక్కటే. పైగా 2018లో సీడీయూ చేసిన తీర్మానం ప్రకారం ఆ పార్టీ ఏఎఫ్‌డీతోనూ కలవకూడదు, వామపక్ష పార్టీ డీ లింకెతోనూ కలవకూడదు. మా రాష్ట్రంలో ఆ రెండింటినీ తీసేస్తే మెజారిటీకి లెక్కే కుదరదు. రెంటిలో ఒక నియమం సడలక తప్పని రోజు వస్తే ఏది సడలించాలి? నా మటుకు నాకు అనుమానం లేదు. డీ లింకె ఆర్థిక విధానాలు నాకు నచ్చవు. కానీ ఎన్నికలో ఓడితే దిగిపోతారా అన్న ప్రశ్న వారి గురించి నాకు రాదు.

అతివామపక్షం సంగతి మాట్లాడరేమి? వాళ్ళు మాత్రం మంచివాళ్ళా?

వైమార్ కథలో వాళ్ళ పాలు తక్కువేమీ కాదు. 1932 జులై సభలో నాజీలు 230, కమ్యూనిస్టులు 89. మొత్తం 608లో ఆ రెండూ కలిస్తే సగానికి పైన. కలిసి పాలించలేరు, ఎవరినీ పాలించనివ్వరు. సోషల్ డెమోక్రాట్లను 'సోషల్ ఫాసిస్టులు' అంటూ మాస్కో గీతను పట్టుకుని కమ్యూనిస్టులు వారినే ప్రధాన శత్రువుగా చూశారు. తరువాత రెండు పార్టీలవాళ్ళూ ఒకే నిర్బంధ శిబిరాల్లో కలుసుకున్నారు. నేడు మాత్రం అధికారం అంచున నిలబడినది ఒక్క పక్షమే. అందుకే దాని గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఏఎఫ్‌డీకి ఓటేసేవాళ్ళందరూ నాజీలేనా?

కాదు. మా మెట్లకు ఎదుటి ఇంట్లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. నేను ఊళ్ళో లేనప్పుడు మొక్కలకు నీళ్ళు పోసేది ఆయనే. ఏఎఫ్‌డీకి ఓటేస్తానని నాతోనే చెప్పాడు. యంత్రాల కర్మాగారంలో పనిచేసేవాడు. 1990లో రెండు జర్మనీలు కలిశాక ఆ కర్మాగారం ముక్కలైంది, నలభై ఏళ్ళకే నిరుద్యోగి అయ్యాడు. ఇద్దరు పిల్లలూ పశ్చిమానికి వెళ్ళిపోయారు. ఆయన కథే ఈ రాష్ట్రపు కథ. అప్పుడు 28 లక్షలకు పైగా ఉన్న జనాభా ఇప్పుడు 21 లక్షలు. జర్మనీలో సగటు వయసు అందరికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం ఇదే. మన వలస జిల్లాల్లో, ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఊళ్ళు చూసినవాళ్ళకు ఆ నిశ్శబ్దం కొత్త కాదు.

2022లో ఇంటెల్ కంపెనీ మాగ్డెబర్గ్ అంచున భారీ చిప్ కర్మాగారం పెడతానంది. ఊరంతా ఆశపెట్టుకుంది. 2024లో వాయిదా, 2025 జులైలో రద్దు. ఆ వార్త వచ్చిన సాయంత్రం మా పెద్దాయన ఒక్క మాటే అన్నాడు: "మాకు అలవాటే."

కోపానికి కారణం ఉంది. కానీ కారణం ఉన్న ప్రతి కోపమూ సరైన చోటికే వెళ్ళదు. ఊరి ఆసుపత్రి నడుస్తున్నది విదేశాలనుంచి వచ్చిన వైద్యులతో అని ఆయనకు తెలుసు. ఆ సంగతి మేము మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆయన్ని నాజీ అని పిలిచిన రోజున ఆ మాటలు ఆగిపోతాయి.

ఇలాంటి ఓటు కదలని బండ కాదు. 1998లో డీవీయూ అనే మరో తీవ్ర మితవాద పార్టీకి ఇదే రాష్ట్రంలో 12.9 శాతం వచ్చింది. సభలోకి వెళ్ళి కొట్లాడుకుని చెల్లాచెదురైంది. 2016లో ఏఎఫ్‌డీకి 24.3 వస్తే, 2021లో 20.8కి తగ్గింది. ఆ ఏడాది సీడీయూకు 37.1 శాతం.

ఇంత ప్రమాదమైతే నిషేధించవచ్చు కదా?

రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం వీలుంది. కానీ ప్రభుత్వం నిషేధించలేదు, రాజ్యాంగ న్యాయస్థానమే చేయాలి. పార్లమెంటు, రాష్ట్రాల సభ, కేంద్ర ప్రభుత్వం, ఈ మూడింటిలో ఏదో ఒకటి అడగాలి. ఇప్పటిదాకా రెండుసార్లే జరిగింది: 1952లో నాజీల వారసత్వ పార్టీ ఎస్‌ఆర్‌పీ, 1956లో కమ్యూనిస్టు పార్టీ కేపీడీ. ఎన్‌పీడీ అనే తీవ్ర మితవాద పార్టీ మీద వేసిన కేసును 2003లో కొట్టేశారు, ఆ పార్టీ నాయకత్వంలోనే ప్రభుత్వ వేగులు నిండి ఉన్నారని. 2017లో మళ్ళీ వేస్తే, దాని లక్ష్యాలు రాజ్యాంగ విరుద్ధమే గానీ వాటిని సాధించే సత్తా లేదు కనుక నిషేధం వద్దన్నారు. అంటే చిన్నగా ఉన్నప్పుడు నిషేధించడానికి కారణం చాలదు, పెద్దదయ్యాక నిషేధించడానికి ధైర్యం చాలదు. అయినా అడగాలనే నేను అనుకుంటాను, న్యాయస్థానం ముందు సాక్ష్యాలు పెట్టి తేల్చుకోవాలి. నిషేధం వచ్చినా కోటిమంది ఓటర్లు మాత్రం మాయమైపోరు.

రాజ్యాంగంలో వేరే రక్షణలు లేవా?

ఉన్నాయి. వాటితో మనకు చుట్టరికం కూడా ఉంది. గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కుల నిలుపుదల అనే అంశం వైమార్ రాజ్యాంగం నుంచి వచ్చిందని బట్టీపడతాం. ఆ వైమార్ అధికరణం 48 కిందే 1933 ఫిబ్రవరి ఉత్తర్వు వచ్చింది. మనం 1975లో దాని రుచి చూశాం.

1949లో రాసుకున్న కొత్త రాజ్యాంగంలో జర్మన్లు 79వ అధికరణం పెట్టారు. మానవ గౌరవం, ప్రజాస్వామ్యం, సమాఖ్య స్వభావం వంటి మూలసూత్రాలను ఎంత మెజారిటీ ఉన్నా సవరించకూడదు. 1965లో డీట్రిష్ కాన్‌రాడ్ అనే జర్మన్ పండితుడు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, సవరణాధికారానికి అంతర్లీన హద్దులు ఉంటాయని ఉపన్యసించాడు. ఆ ఆలోచన గోలక్‌నాథ్ కేసు వాదనల్లోకి, చివరికి 1973 కేశవానంద భారతి తీర్పులోని 'మౌలిక స్వరూపం' దాకా ప్రయాణించింది. వాళ్ళు కాలి నేర్చుకున్న పాఠం మన రాజ్యాంగానికీ కంచె అయింది.

ఇంకొక నియమం నాకు చాలా ఇష్టం. ఇక్కడ ఛాన్సలర్ మీద ఊరికే అవిశ్వాసం పెట్టలేరు. తరువాత ఎవరో ఎన్నుకుంటేనే ఉన్నవారు దిగుతారు. 2024 డిసెంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానంలో 16 మంది న్యాయమూర్తులు, 12 ఏళ్ళ పదవీకాలం వంటివి రాజ్యాంగంలోకే ఎక్కించారు. అంతకుముందు అవి మామూలు చట్టంలో ఉండేవి, సాధారణ మెజారిటీతో మార్చేయగలిగేవారు. పోలండ్, హంగరీల్లో న్యాయస్థానాలకు ఏమైందో చూసి మేల్కొన్నారు.

మనం చట్టప్రకారం వచ్చాం, పన్నులు కడుతున్నాం. వాళ్ళ కోపం మనమీద కాదు కదా?

ఈ మాట మనవాళ్ళ నోటినుంచి వింటే నాకు బాధ కలుగుతుంది. 2023 నవంబర్‌లో పోట్స్‌డామ్ దగ్గర ఒక హోటల్‌లో ఏఎఫ్‌డీ వాళ్ళు కొందరు, ఇతర తీవ్ర మితవాదులు సమావేశమయ్యారు. 2024 జనవరిలో కరెక్టివ్ అనే పరిశోధనా పత్రిక దాన్ని బయటపెట్టింది. విదేశీ మూలాలున్న జర్మన్ పౌరులను కూడా బయటికి పంపడం గురించి అక్కడ చర్చ జరిగిందని రాసింది. పాల్గొన్నవాళ్ళు ఆ వర్ణన సరికాదన్నారు. ఏడాది తరువాత, 2025 జనవరిలో రీజా పట్టణపు మహాసభలో పార్టీ నాయకురాలు ఆలిస్ వైడెల్ 'రీమైగ్రేషన్' అనే ఆ మాటనే వేదిక మీద గర్వంగా పలికింది. అయితే ఆ మాటకు చట్టవిరుద్ధంగా ఉన్నవారిని పంపడమే అర్థమని పార్టీ అంటోంది.

2024 డిసెంబర్ 20న మాగ్డెబర్గ్ క్రిస్మస్ సంతలోకి ఒకడు కారు తోలి ఆరుగురిని చంపాడు. వాడు సౌదీనుంచి వచ్చిన వైద్యుడు. ఇస్లాంను తిట్టేవాడు, ఏఎఫ్‌డీని మెచ్చుకునేవాడు. ఆ వివరం ఎవరికి కావాలి? తరువాతి రోజుల్లో ట్రామ్‌లో నా పక్కన సీటు ఖాళీగా ఉండేది. ఒకడు నా ముఖం మీదే దిగిపొమ్మన్నాడు. నా దగ్గర ఏ వీసా ఉందో, ఎంత పన్ను కడతానో అడగలేదు.

మా అబ్బాయి వీసా రద్దవుతుందా? అక్కడ క్షేమమేనా?

వీసా, నివాస చట్టాలు కేంద్రానివి. ఒక రాష్ట్రంలో ప్రభుత్వం మారితే చదువుకుంటున్నవారి అనుమతి రద్దు కాదు. అయితే ఆ చట్టాలను అమలుచేసే కార్యాలయాలు రాష్ట్రాల అజమాయిషీలో ఉంటాయి. కాగితాలు నెమ్మదించవచ్చు, మర్యాద తగ్గవచ్చు. గడువుకు చాలా ముందే పొడిగింపుకు దరఖాస్తు చేయమనండి, ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోమనండి. 2023–24 శీతాకాలానికే జర్మనీలో మన దేశపు విద్యార్థులు దాదాపు 49 వేలు. విదేశీ విద్యార్థుల్లో అందరికంటే ఎక్కువ. వారిని వదులుకోవడం విశ్వవిద్యాలయాలకు ఇష్టం ఉండదు.

క్షేమం గురించి అబద్ధం చెప్పను. రోజువారీ బతుకు ప్రశాంతంగానే సాగుతుంది. కొన్ని రాత్రులు, కొన్ని రైల్వే స్టేషన్లు జాగ్రత్తగా ఉండవలసినవి. ఎవరైనా చెయ్యి చేసుకుంటే 110కి ఫోను చేసి, తప్పనిసరిగా ఫిర్యాదు నమోదు చేయించాలి. బాధితులకు ఉచితంగా తోడుండే సంస్థలు ఈ రాష్ట్రంలో ఉన్నాయి. 'ఎందుకొచ్చిన గొడవ' అని ఊరుకుంటే ఆ దాడి ఏ లెక్కలోకీ రాదు.

ఓటు లేనివాళ్ళం, మనం ఏం చేయగలం?

శాసనసభకు ఓటు లేదు. కానీ విశ్వవిద్యాలయ విద్యార్థి మండలి ఎన్నికల్లో ఓటుంది, పోటీ చేయవచ్చు. ఉద్యోగులైతే కార్మిక మండలి ఎన్నికల్లో పాస్‌పోర్టు ఏదైనా సరే ఓటు వేయవచ్చు, నిలబడవచ్చు. మనవాళ్ళు వీటివైపు తొంగిచూడరు. 2024 నుంచి అయిదేళ్ళ నివాసంతో పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. భారత పౌరసత్వం వదులుకోవాలి కాబట్టి అది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన నిర్ణయం. నేను రెండేళ్ళు ఆలోచించి తీసుకున్నాను. సెప్టెంబర్ 6న ఓటేయబోతున్నాను.

మరొకటి: జర్మన్ నేర్చుకోండి. ఎదుటి ఇంటి పెద్దాయనతో మాట్లాడటానికి ఇంగ్లీషు పనికిరాదు.

ఆ రోజు ఫలితం ఎప్పుడు తెలుస్తుంది?

ఇక్కడ సాయంత్రం ఆరుకు పోలింగ్ ముగుస్తుంది, మీకు అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. వెంటనే టీవీల్లో తొలి అంచనాలు వస్తాయి. వాటిని చూసి పిల్లలకు కంగారుగా ఫోను చేయకండి. 5 శాతం గీత దగ్గర ఊగిసలాడే పార్టీల సంగతి అర్ధరాత్రి దాకా తేలకపోవచ్చు. 2025లో బీఎస్‌డబ్ల్యూ అనే పార్టీ 4.98 శాతం దగ్గర, పదివేలకు లోపు ఓట్ల తేడాతో, పార్లమెంటుకు దూరమైంది. ఆ తరువాత ముఖ్యమంత్రి ఎన్నిక రహస్య ఓటింగుతో, సభలో జరుగుతుంది. అది వారాలు పట్టవచ్చు. చివరి విడతకు వస్తే మెజారిటీ లేకున్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. థురింగియాలో 2020లో జరిగింది అలాంటి విడతలోనే. ఎవరి చెయ్యి గడియ మీదికి వెళుతుందో ఆ రోజు చూడాలి. నేను సభ ప్రత్యక్ష ప్రసారం చూస్తూ ఉంటాను. ఏమైనా అడగాలంటే ఆ సాయంత్రం కాకుండా మరుసటి ఉదయం ఫోను చేయండి.